ఆచంద్రార్కం: కలియుగ ప్రథమపాదంలో కళింగసీమ సంకల్పం

నిరుడు రథసప్తమినాడు అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకొని, ఆ సాయంకాలం శ్రీకాకుళంలో ఒక మిత్రుని ఇంట జరిగిన సత్సంగంలో భాగవత ద్వాదశస్కంధంలోని కలిధర్మ నిరూపణాన్ని వ్యాఖ్యానించాను. ఆయుఃక్షయం, సత్యలోపం, ధనమే కులమూ గుణమూ కావడం, పాలకులే దస్యులు కావడం వంటి ఘట్టాలన్నీ వరుసగా వచ్చాయి. శ్రోతలు తలలూపారు. కలిని నిందించే చోట తలలూపని శ్రోతను నేను ఇంతవరకు చూడలేదు. మంగళహారతి అయిన తరువాత, నాలుగేళ్ల కుమారుణ్ణి ఒడిలో నిద్రపుచ్చుకొన్న ఒక యువతి మెల్లగా అడిగింది: “మాస్టారూ, ఇంకా నాలుగు లక్షల ఏళ్లు ఇలా దిగజారిపోవడమే రాసిపెట్టి ఉంటే, వీణ్ణి ఏ నమ్మకంతో పెంచమంటారు?”

“ప్రయత్నం మనది, ఫలం ఈశ్వరాధీనం” అన్నాను. ఆమె మర్యాదకు చిరునవ్వు నవ్వి, బిడ్డను భుజాన వేసుకొని వెళ్లిపోయింది. ఆ సమాధానం అసత్యం కాదు. కాని అది ఆమె ప్రశ్నకు సమాధానం కాదని ఇంటికి వచ్చేలోపే నాకు తెలిసింది. ఆమె అడిగింది కర్మఫలత్యాగం గురించి కాదు. మానవజాతికి ముందున్న దీర్ఘకాలం ఆశించదగినదా, భయపడదగినదా అని అడిగింది. ఆ అశాంతిలోంచి పుట్టినదే ఈ వ్యాసం.

ముందుగా లెక్క చూద్దాం. నిత్యసంకల్పంలో మనం దేశాన్నీ కాలాన్నీ స్మరిస్తాము. శ్వేతవరాహకల్పం, వైవస్వత మన్వంతరం, అందులో ఇరవై ఎనిమిదవ మహాయుగం, కలియుగం, ప్రథమపాదం. కలియుగ పరిమాణం 4,32,000 సంవత్సరాలు. క్రీస్తుపూర్వం 3102లో ప్రారంభమైనదని మన సిద్ధాంతగ్రంథాల గణన. అంటే గడిచినది 5,100 ఏళ్లకు పైచిలుకు, మిగిలినది 4,26,000 ఏళ్లకు పైమాట. కలికి ముందుండే సంధ్యాకాలమే 36,000 సంవత్సరాలు. ఆ సంధ్యలో కూడా మనం ఏడవ వంతు మాత్రమే దాటాము. లోకంలో మరి ఏ జాతీ తన నిత్యపూజలో ఇంత సుదీర్ఘమైన కాలాన్ని స్మరిస్తూ ఆచమనం చేస్తుందని నేననుకోను. అయితే ఇంత పెద్ద సంఖ్యను ప్రతిదినం ఉచ్చరించే మనమే, మనుమల కాలం గురించి అడిగితే “కలికాలం నాయనా” అని నిట్టూర్చి ఊరుకొంటాము.

ఈ నిట్టూర్పుకు ఎదురు నిలిచిన ఒక ఘట్టం ఈ సీమలోనే, 1910లో జరిగింది.

ఆ సంవత్సరం ఏప్రిల్ 20న హేలీ తోకచుక్క సూర్యునికి అత్యంత సమీపానికి వచ్చింది. మే 18, 19 తేదీలలో భూమి దాని తోకగుండా సాగింది. తోకలో విషవాయువు ఉన్నదన్న వార్త పుట్టి ఐరోపా, అమెరికా నగరాలలో జనం తలుపుల సందులు మూసుకొన్నారు. తోకచుక్క విషానికి విరుగుడని మాత్రలు అమ్మినవారూ ఉన్నారు. మే 6న ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి మరణించడంతో, ధూమకేతువు రాజనాశహేతువన్న నమ్మకానికి మన దేశంలోనూ బలం చేకూరింది. వరాహమిహిరుని బృహత్సంహితలో పదకొండవ అధ్యాయం కేతుచారమే. దానిని పేర్కొనేవారు ఎక్కువగా విడిచిపెట్టే సంగతులు రెండున్నాయి. కేతువులన్నీ అశుభాలు కావనీ, సన్నగా నిర్మలంగా తెల్లగా కనబడేవి సుభిక్షసూచకాలనీ ఆ ఆచార్యుడే చెప్పాడు. కేతువు ఉదయాస్తమయాలు గణితానికి అందవనీ నిజాయతీగా అంగీకరించాడు. ఆరవ శతాబ్దంలో అది యథార్థం. పన్నెండు వందల సంవత్సరాల తరువాత, ఎడ్మండ్ హేలీ 1705లో ఒక కేతువు పునరాగమనాన్ని గణించాడు. ఆయన మరణించిన పదహారేళ్లకు, 1758 డిసెంబరు 25 రాత్రి అది చెప్పిన మాట ప్రకారం కనిపించింది. ఉత్పాతం అతిథిగా మారింది.

విజయనగరంలో ఆ అతిథిని చూసినవారిలో గురజాడ అప్పారావుగారు ఒకరు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిదికి చేరువ. ఆ ఏడాదే ‘ఆంధ్రభారతి’ పత్రికలో ఆయన ‘ముత్యాలసరాలు’ వెలువడినది. ఆ గేయంలో తోకచుక్క ప్రస్తావన వస్తుంది. కీడు తెచ్చేదని లోకం వణికిన ఆ చుక్క కవికి ఎన్నడో ఒకనాడు పలకరించిపోయే చుట్టంగా, సంఘసంస్కారయాత్రకు ఎత్తిన జెండాగా కనిపించింది. అక్కడితో ఆగక ఆయన భవిష్యత్తులోకి చూపు సారించాడు. ప్రపంచమంతా ఒకే కుటుంబం కావడం, వర్ణభేదాలు అబద్ధాలని తేలడం, మతాలు వెలవెలబోయి జ్ఞానం మాత్రం మిగలడం, స్వర్గంలో ఉంటుందనుకొన్న సుఖం భూమిమీదనే అనుభవానికి రావడం, ఇవన్నీ ఆయనకు కనిపించాయి. మానవజాతి సుదూరభవిష్యత్తును గురించి ఇంత స్పష్టంగా, ఇంత తేటమాటలలో అంతకుముందు తెలుగులో చెప్పినవారు నాకు తెలియదు.

కవికి ఆశ సులభమే కదా అనేవారుంటారు. గురజాడవారి విషయంలో ఆ మాట చెల్లదు. 1897లో ‘కన్యాశుల్కం’ తొలికూర్పుకు ఆయన వ్రాసిన ఆంగ్ల పీఠికలో కొన్ని అంకెలున్నాయి. ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్కవివాహాల పట్టికను తయారుచేయించారు. మొత్తం 1,034. ఆ కన్యలలో అయిదేళ్ల వయసువారు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు. వేదం చదివిన ఇండ్లలో, హోమధూమం ఆరని ఇండ్లలో ఇది జరిగింది. కలిధర్మ నిరూపణంలోని ఏ శ్లోకమూ ఆ ముగ్గురు పసిబిడ్డల సంఖ్య పలికినంత కఠినంగా పలకదు. ఆ పట్టికను చేతులతో పట్టుకొని చదివినవాడే పదమూడేళ్ల తరువాత భూమిమీద స్వర్గాన్ని ఊహించాడు. లోకం తెలియనివాని ఆశ కాదది.

ఆ గేయంలో ఆస్తికులను కలవరపరిచే అంశం మతాలు వెలవెలబోతాయన్నది. దానిని కప్పిపుచ్చి గురజాడవారికి ఉత్తరీయం కప్పి వేదాంతిని చేయడం న్యాయం కాదు. ఆయన వేదాంతి కాడు, అటువంటి పేరు కోరనూ లేదు. అయితే ఆ మాట విని మనం ఉలిక్కిపడవలసిన పని కూడా లేదు. ముండకోపనిషత్తు ఋగాది చతుర్వేదాలను కూడా అపరావిద్యలోనే లెక్కించి, అక్షరవస్తువును తెలిపే జ్ఞానాన్ని మాత్రమే పర అన్నది. బృహదారణ్యకం సుషుప్తిని వర్ణిస్తూ, ఆ స్థితిలో వేదాలు కూడా వేదాలు కావన్నది. శ్రుతియే తనను దాటిపొమ్మని చెప్పగా, మతాన్ని మించి జ్ఞానం నిలవాలని ఒక కవి కోరితే మనకు కోపమెందుకు? ఆయనతో నాకు భేదం వేరొకచోట ఉంది. మతాలు పోవడానికి కావలసిన జ్ఞానం ఎవరి ఇంట, ఏ దీపం వెలుగున పెరుగుతుందో ఆయన చెప్పలేదు.

లోకం ఆయన కలకు వెంటనే జవాబు చెప్పింది. గేయం వెలువడిన నాలుగేళ్లకు మహాయుద్ధం ప్రారంభమైనది. అదే 1914లో, తెలుగు పాఠ్యరచనలో జీవద్భాషకు చోటుండాలని ఆయన మద్రాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘానికి తన అసమ్మతిపత్రాన్ని సమర్పించారు. ఆయన పక్షం ఓడిపోయింది. 1915 నవంబరు 30న ఆయన పరమపదించారు. సమరం ముగియలేదు, భాషావాదం నెగ్గలేదు, శుల్కవివాహాలు పూర్తిగా ఆగలేదు. ఆయన కోరినవాటిలో ఆయన కన్నులు చూసినవి బహు స్వల్పం.

ఇక్కడ ఆయన సహాధ్యాయిని స్మరించాలి. శ్రీకాకుళం సీమలో, వంశధారాతీరాన, శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు విజయనగరం మహారాజావారి పాఠశాలలో అప్పారావుగారితో కలిసి చదువుకొన్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. కొండలలోని సవరల భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, ఆ బిడ్డలకు బడి లేదు. ఆయన ఒక సవరను తన ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చారు. స్వంత ధనంతో వారికి పాఠశాలలు పెట్టారు. నాలుగు దశాబ్దాల కృషి తరువాత 1931లో సవరభాషావ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సంస్కృతసమాసాలతో బరువెక్కిన ఈ శైలిలో ఆయనను స్తుతించడం నాకే కొంత ఇబ్బందిగా ఉంది. ఈ వ్యాసంలోని క్రియాపదాలు ఆయన పెట్టిన భిక్షయే. సమాసాలను మాత్రం ఆయన మెచ్చరు.

ఈ మిత్రులిద్దరికీ మరొక సమానధర్మం ఉన్నది. ఇద్దరూ శాసనపాఠకులు. గురజాడవారు విజయనగర సంస్థానంలో శాసనపరిశోధకులుగా నియుక్తులయ్యారు. గిడుగువారు పురాలిపిని స్వయంకృషితో నేర్చి, తమ ఊరి పొరుగుననే ఉన్న శ్రీముఖలింగాలయ శాసనాలను చదివి, ప్రాచీన గాంగుల రాజధాని కలింగనగరం ఆ ముఖలింగమేనని వ్యాసం ప్రకటించారు. నేడు వెళ్లి చూస్తే అది మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు గల ఒక గ్రామం. వరిచేల నడుమ, ఏటి ఒడ్డున ప్రశాంతంగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడినుండి వెలువడిన తామ్రశాసనాలు మహేంద్రాచల శిఖరంమీది గోకర్ణేశ్వరునికి నమస్కరించి ప్రారంభమయ్యేవి. అనంతవర్మ చోడగంగదేవునికి 1078లో పట్టాభిషేకమైనది. తరువాత రాజ్యకేంద్రం ఉత్తరాన కటకానికి తరలింది. పదిహేనవ శతాబ్దంలో ఆ వంశం సింహాసనం కోల్పోయింది. కలింగనగరం అన్న పేరు ఎంతగా మరుగున పడిందంటే, పొరుగూరి బడిపంతులు రాళ్లు చదివి చెప్పేవరకు అది ఎక్కడ ఉండేదో పండితులే వాదించుకొంటూ ఉండేవారు.

ఆ రాళ్లలో ఏమున్నది? ముఖలింగంలో గాని, కూర్మనాథుడు వెలసిన శ్రీకూర్మంలో గాని స్తంభాలమీది శాసనాలలో అధికభాగం చిన్న చిన్న దానాలను గురించినవి. ఒక అఖండదీపానికి, నిత్యనైవేద్యానికి, పూలదండకు శ్రీభండారంలో మాడలు పెట్టినవారు, గోవులను ఇచ్చినవారు, భూమి విడిచినవారు కనిపిస్తారు. దాతలలో రాణులు, సేనాపతులు, వర్తకులు, సామాన్య గృహిణులు ఉన్నారు. మధ్వాచార్యుల శిష్యులై కళింగరాజ్యభారాన్ని కూడా వహించిన నరహరితీర్థుల శాసనం 1281 నాటిది శ్రీకూర్మంలో ఉన్నది. అక్కడ యోగానందనరసింహునికి ఆలయం కట్టించిన సంగతి అందులో చెప్పుకొన్నారు. ఇటువంటి దానాలకు గడువు ఒక్కటే: ఆచంద్రార్కం. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతవరకు.

ఈ మాటను మనం అలంకారంగా చదివి దాటిపోతాము. నేనూ చాలాకాలం అలాగే చదివాను. కాని అఖండదీపదానంలోని ఏర్పాటును పరిశీలిస్తే అది అలంకారమనిపించదు. దీపం వెలగాలంటే రోజూ నెయ్యి కావాలి. నెయ్యికి గోవులు లేదా గోవుల వెలకు సరిపడే మూలధనం కావాలి. ఆ ధనాన్ని ముట్టకుండా వచ్చిన వృద్ధితోనే నెయ్యి పోయాలి. పోసేవానికి భృతి కావాలి, అతని తరువాత అతని సంతానానికి ఆ హక్కు చెందాలి. ఈ షరతులన్నీ రాతిమీద చెక్కాలి. దాత తన జీవితకాలానికి దీపం కోరలేదు. తాను ఎరుగని రాజు ఏలుబడిలో, తన భాషను కొంత మారిన రూపంలో మాట్లాడే మనుష్యుని చేత అది వెలగాలని కోరి, ఆ అపరిచితుని జీతం ముందుగా చెల్లించిపోయాడు.

తామ్రశాసనాల చివరి భాగం ఇంకా విశేషమైనది. దానిని మనం శాపశ్లోకాలని పిలిచి, భూమిని హరించేవాడు అరవైవేల సంవత్సరాలు పురుగై పుడతాడన్న భాగాన్నే చెప్పుకొని నవ్వుకొంటాము. ఆ పక్కనే వేరొక భావం ఉంటుంది. సగరాదులనుండి ఎందరో రాజులు ఈ భూమిని ఇచ్చారు, ఎవరు ఏ కాలంలో భూమికి ప్రభువో ఆ కాలంలో ఆ దానఫలం వారిదే అన్నది దాని సారం. ఇచ్చినవాని పుణ్యం కాపాడినవానికి సంక్రమిస్తుందన్నమాట. దేశంలో అనేక శాసనాలలో శ్రీరామచంద్రుని పేరున మరొక ప్రార్థన ఉంటుంది. ధర్మం రాజులందరికీ ఉమ్మడి సేతువు, కాలకాలాలలో మీరు దానిని కాపాడండి అని రాబోయే రాజులను ఆయన మాటిమాటికీ యాచిస్తున్నాడు. ఇంకా పుట్టనివారి ముందు చేతులు జోడించి నిలబడిన రాజు! శత్రువంశమే గెలిచి రావచ్చునని శాసనం వ్రాయించినవానికి తెలుసు. ఆ శత్రువు కూడా ధర్మం ఎరిగినవాడై ఉంటాడన్న నమ్మకం మాత్రం అతడు విడువలేదు.

ఇదంతా కలియుగంలోనే జరిగినది. ఆ దాతలకు కలిధర్మ శ్లోకాలు మనకన్న బాగా వచ్చు.

మరి ఆ దీపాలు నేడు వెలుగుతున్నాయా? శాసనాలలోని దీపాలు అధికసంఖ్యలో ఎప్పుడో కొండెక్కాయి. మాడలు చెల్లుబాటు మాని శతాబ్దాలు గడిచాయి, గోవులూ గొల్లలూ చెదరిపోయారు, భూములు చేతులు మారాయి. చంద్రుడూ సూర్యుడూ ఉన్నారు, ఆ దానాలు లేవు. దీనిని బట్టి ఆచంద్రార్కం అన్నమాట వట్టిదని తీర్మానించవచ్చా? జ్యోతిష్కుడు చెప్పే ఫలంగా తీసుకొంటే వట్టిదే. సంకల్పంగా తీసుకొంటే వేరు. మధుకేశ్వరునికి ఈ ఉదయం కూడా అభిషేకం జరిగింది, శ్రీకూర్మంలో నైవేద్యం జరిగింది. ఆ నూనె కొన్నవారు వేరు, ఆ వంశాలు వేరు, మధ్యలో వచ్చిన ప్రభుత్వాలు వేరు. ఒక దానం క్షీణించినచోట మరెవరో మరొకటి పెట్టారు. రాముని యాచనను కొందరు విన్నారు. అందరూ వినలేదు, వినినవారు చాలినంతమంది ఉన్నారు.

ఫ్రాన్సులో కొండోర్సె అనే తత్త్వవేత్త, విప్లవకారులే తనను వెదకుతుండగా దాగి ఉండి, మానవబుద్ధి నిరంతరాభివృద్ధిని ప్రతిపాదించే గ్రంథం వ్రాసి, 1794లో చెరలో మరణించాడు. ఆ ధైర్యానికి నమస్కరిస్తాను. ఆయన ఆశకు ఆధారం అభివృద్ధి నియతమన్న విశ్వాసం. మనవారి ఆశకు ఆ ఆధారం కూడా లేదు. క్షయమే నియతమని గ్రంథాలలో చదువుతూ దీపం పెట్టారు. ఏది కష్టతరమో పాఠకులు ఆలోచించాలి.

శాస్త్రం కూడా క్షయాన్ని మాత్రమే చెప్పిందా? ఐతరేయబ్రాహ్మణంలోని హరిశ్చంద్రోపాఖ్యానంలో ఇంద్రుడు రోహితునికి చేసే ఉపదేశంలో యుగాలు కాలఖండాలు కావు, మనుష్యుని భంగిమలు. పడుకొన్నవాడు కలి, లేవబూనినవాడు ద్వాపరం, నిలబడినవాడు త్రేత, నడిచేవాడు కృతం. భారతంలో కాలం రాజుకు కారణమా, రాజు కాలానికి కారణమా అన్న సంశయం వద్దనీ, రాజే కాలానికి కారణమనీ కుంతి చేతా భీష్ముని చేతా వ్యాసుడు చెప్పించాడు. విష్ణుపురాణం ఆరవ అంశంలో గంగలో స్నానమాడుతున్న వ్యాసుడే కలిని సాధువని శ్లాఘిస్తాడు. కృతయుగంలో పదేళ్లకు దక్కే ఫలం ఇప్పుడు ఒక అహోరాత్రంలో దక్కుతుందని కారణం చెబుతాడు. ఆనాడు సత్సంగంలో నేను చదివిన ద్వాదశస్కంధంలోనే, దేవాపి, మరువు అనే ఇద్దరు రాజర్షులు కలాపగ్రామంలో యోగనిష్ఠలో ఉండి, కలి అంతంలో చంద్రసూర్యవంశాలను మళ్లీ నిలబెట్టడానికి వేచి ఉన్నారని ఉన్నది. పురాణం విత్తనాన్ని దాచిపెట్టింది. నేను ఆ శ్లోకాలను సమయాభావం వల్ల విడిచిపెట్టాను. తలలూపించే భాగాన్ని చదివి, తలయెత్తించే భాగాన్ని విడిచిన దోషం నాదే.

అదే స్కంధంలో కలిలో మానవుల పరమాయువు ఇరవై ముప్పై ఏళ్లకు కుదిస్తుందని ఉంది. గురజాడవారు మరణించిన దశాబ్దంలో భారతీయుని సగటు ఆయుర్దాయం సుమారు 20 ఏళ్లు. పసిబిడ్డల మరణాలు, కలరా, మశూచి, 1918 నాటి జ్వరం దానికి కారణాలు. నేడు అది 70 ఏళ్ల పరిసరాలలో ఉంది. ‘అమ్మవారు పోసింది’ అని మన ఊళ్లు వణికిన మశూచి లోకంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. పరమాయువు వేరు, సగటు వేరు. దీనితో పురాణవచనాన్ని ఖండించామనుకోవడం పిల్లచేష్ట. కాని దిగుడుమెట్లు మాత్రమే ఉన్నాయని చెప్పేవారు ఈ ఎగుడుమెట్టును కూడా లెక్కించాలి. వెనువెంటనే రెండవవైపూ చెప్పాలి. కన్యాశుల్కం నశించింది. బాల్యవివాహ నిరోధానికి 1929లో శారదా చట్టం వచ్చింది. అదే ఇండ్లలోకి వరకట్నం పెద్దపీట వేసుకొని వచ్చింది. 1961లో దానికీ నిషేధచట్టం వచ్చింది, కట్నం మాత్రం పోలేదు. అప్పారావుగారు జీవించి ఉంటే మరొక నాటకం వ్రాయవలసివచ్చేది.

గిడుగువారికీ అంతే. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరినప్పుడు, ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరు విడిచి వృద్ధాప్యంలో రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మరణించారు. నిఘంటువు అచ్చయింది ఊరు విడిచిన తరువాతనే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్కరాత్రిలో నేలకొరిగాయి. మరుసటి ఏడు కవిటి ప్రాంతానికి వెళ్లినప్పుడు ఒక వృద్ధుడు కొబ్బరిమొక్కలు నాటిస్తుండగా చూశాను. ఆ ప్రాంతాన్ని పీడిస్తున్న, కారణం నేటికీ తేలని మూత్రపిండవ్యాధి ఆయనకూ ఉంది. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వెళ్లివస్తున్నాడు. కొబ్బరి కాపుకు వచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. వరసల మధ్య అంత ఎడం ఎందుకు వదిలారని మాత్రం అడిగాను. “మనవడు ట్రాక్టరు తోల్తాడు కద బాబూ, మలుపు తిరగాల” అన్నాడు. ఆ మనవడు అప్పుడు గట్టుమీద చెప్పులు లేకుండా పరుగెత్తుతున్నాడు, ఆరేళ్లు ఉంటాయేమో. శ్రీకూర్మం స్తంభాలమీది అక్షరాలను నేను అప్పటినుండి వేరుగా చదువుతున్నాను.

గురజాడవారు చూసిన చుట్టం 1986లో మళ్లీ వచ్చింది. ఈసారి మనుష్యులు ఎదురేగారు. జియోట్టో అనే వ్యోమనౌక మార్చి నెలలో దాని గర్భానికి సుమారు 600 కిలోమీటర్ల దూరందాకా వెళ్లి ఛాయాచిత్రాలు తీసింది. ఆ తరువాత అది నెప్ట్యూన్ కక్ష్యను దాటి వెళ్లింది. 2023 డిసెంబరులో తన మార్గంలోని దూరపు కొనను చేరి వెనుదిరిగింది. ఇప్పుడు మనవైపే వస్తున్నది. 2061 జూలై చివర సూర్యుని సమీపిస్తుంది. ఆ సాయంకాలం సత్సంగంలో తల్లి ఒడిలో నిద్రపోయిన బాలునికి అప్పుడు నలభై ఏళ్లు ఉంటాయి. ఈ రథసప్తమికి ఆ తల్లి మళ్లీ అరసవల్లి వస్తే, దేవాపి మరువుల శ్లోకాలు చదివి వినిపించి, ఆ తేదీ ఆమెకు ఒక కాగితంమీద వ్రాసి ఇవ్వాలని ఉన్నది.